వైరు పట్టుకునే పని

బాగుందని చెబితే ఒక బాధ, బాగాలేదని చెబితే ఇంకో బాధ, కరవమంటే కప్పకు కోపం విడవమంటే పాముకు కోపం అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు అనుకుంటూ ఆమె ఎత్తు స్టూలు మీద ఒక మోకాలు ఆనించి, బ్రెడ్డు కంపెనీ వ్యాను మీద సగం అంటించిన ఎర్ర స్టిక్కరు ఫిల్మును ఎడమచేత్తో లాగిపట్టి, కుడిచేత్తో వేడిగాలి తోలే కొత్త హీట్ గన్ను మీట నొక్కింది. గన్ను బుసకొట్టింది. ఫిల్ము మెత్తబడి, మడతలు వదులుకుని, రేకు మీదికి బుద్ధిగా ఒదిగింది. బాగుంది. బాగుండటమే వచ్చిన చిక్కు. పాత గన్నుకున్నట్టు దీనికి వైరు లేదు, పిడి కింద లావుపాటి బ్యాటరీ ఉంది. పనిముట్ల షాపాయన నిన్న సాయంత్రం డబ్బా విప్పి దీన్ని చేతిలో పెట్టి, అమ్మా, రేపు ఒక్కరోజు వాడి చూడండి, నచ్చితే ఉంచుకోండి, నచ్చకపోతే షట్టర్ దించేలోపు తెచ్చి ఇచ్చెయ్యండి, నేనేమీ అనుకోను, అన్నాడు. ఆయన అమ్మే ప్రతిదానికీ గ్యారంటీ అనే మాట తగిలిస్తాడు గనక మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆయనకు గ్యారంటీ బాబాయ్ అని పేరు పెట్టుకున్నారు. గ్యారంటీ బాబాయ్ అరచేతిలో వైకుంఠం చూపించగలడు, అది తెలిసే తెచ్చుకుంది. ఇప్పుడు షెడ్డు తలుపులోంచి పడే ఎండ వ్యాను టైరు దాకా జరిగింది, ఇంకాసేపట్లో వ్యాను డ్రైవరు వస్తాడు, ఆ తర్వాత షాపుకు వెళ్ళాలి, వెళ్ళేముందు గోడవార ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషికి ఒక మాట చెప్పాలి. పొద్దుట్నుంచి ఆయన ఆ మాట కోసమే కూర్చున్నాడు.

కుర్చీలో ఉన్నది ఆమె మొగుడు. ఒళ్ళో పాత గన్నూ, దాని వైరు చుట్టా. ఈరోజు దానితో పని లేదని తెలిసినా పొద్దున్నే మేకు మీంచి తీసి, ఎడమచేత్తోనే తంటాలుపడి చుట్టుకుని, ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కుడికాలూ చచ్చుబడినప్పట్నుంచి ఆయన చేస్తున్న పని అదొక్కటే, వైరు పట్టుకోవడం. షెడ్డులో ప్లగ్గు ఒకే ఒక్కటి, అదీ మూల గోడకు. అక్కణ్ణించి బండి చుట్టూ తిరగాలంటే వైరు స్టూలు కాళ్ళకు చుట్టుకుంటుంది, టైరు కింద ఇరుక్కుంటుంది, అప్పుడే అంటించిన ఫిల్ము మీద ఈడ్చుకుపోయి గీతలు పెడుతుంది. అందుకని ఆయన ప్లగ్గు పక్కన కుర్చీ వేయించుకుని, ఆమె ముందుకు వెళితే వైరు వదులుతాడు, వెనక్కి వస్తే లాక్కుంటాడు, గాలిపటానికి దారం వదిలినంత శ్రద్ధగా. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒకసారి ఆమె ఒక్కతే చేయబోతే వైరు స్టూలుకు తగులుకుని, గన్ను చేతిలోంచి ఊడి, బుసకొడుతూనే పడి, పూర్తయిన తలుపు మీద ఫిల్మును పాపడంలా బుడగలెత్తించింది, అంతా పీకి మళ్ళీ వేసింది. ఆ సంగతి ఆయన మంచం పక్కన కూర్చుని తనే చెప్పింది, నవ్వుతాడనుకుని. నవ్వలేదు. ఇంటికి వచ్చిన మర్నాడే షెడ్డుకు తీసుకెళ్ళమని, కుర్చీలో కూలబడి, వైరు ఇటివ్వు అన్నాడు. ఆరోజునుంచి అదే ఆయన ఉద్యోగం. దానికోసం తల దువ్వుకుంటాడు, ఎడమచేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటాడు, సాయం చెయ్యబోతే కసురుతాడు, అన్నీ అయ్యాక ఆమెకంటే ముందు గుమ్మంలో నిలబడతాడు. వైరే లేని గన్ను ఇంటికొస్తే ఆయన గుమ్మంలో ఎందుకు నిలబడాలి.

పోనీ ఈ గన్నుకు వంకలు లేవా అంటే ఉన్నాయి, వంకలు పెట్టదలుచుకుంటే ఏ పెళ్ళిపిల్లకు లేవు కనక. బరువు. బరువంతా పిడి కింద ఉండటంతో మణికట్టు మధ్యాహ్నానికే పీకడం మొదలెట్టింది. పాత గన్నంత వేడి రాదు, పాతది ఇలా చూపించి అలా తీసేచోట దీన్ని కాసేపు నిలబెట్టి బతిమాలుకోవాలి. బ్యాటరీ వ్యాను ఒక పక్క సగం చుట్టేసరికి చేతులెత్తేస్తుంది, దాన్ని చార్జింగుకు పెట్టి రెండోది ఎక్కిస్తే, రెండోది అయిపోయేసరికి మొదటిది ఇంకా సగం కూడా నిండదు. అన్నిటికంటే పెద్ద వంక, గ్యారంటీ బాబాయ్ నోరు మెదపని వంక, బ్యాటరీ అయిపోగానే గన్ను లోపలి ఫ్యాను కూడా ఆగిపోతుంది గానీ మూతి మాత్రం కాలుతూనే ఉంటుంది, చప్పుడు లేదు కదా చచ్చిందిలే అనుకుని మధ్యాహ్నం పాతగుడ్డల మీద పడుకోబెడితే కమురు వాసన వచ్చింది. పాతదానికి ఆ గొడవ లేదు, వేడి తగ్గించి కాసేపు గాలి తోలనిచ్చి ఆపడం ఇద్దరికీ చేతికలవాటు. ఇవన్నీ చెప్పొచ్చు. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ పొద్దుట్నుంచి ఆమె బండి చుట్టూ ఎన్ని చుట్లు తిరిగిందో, ఎక్కడా ఆగలేదు, ఏదీ తట్టుకోలేదు, అడుగు తీసి అడుగు వేసేటప్పుడల్లా లేని వైరును దాటడానికి కాలు దానంతటది పైకి లేచి, కింద ఏమీ లేకపోతే సిగ్గుపడ్డట్టు మళ్ళీ నేలమీద పడింది. కరెంటు లేని గోడౌన్లో నిలబెట్టిన బండికైనా, రోడ్డు పక్కన ఆగిన లారీకైనా ఇక తనొక్కతే వెళ్ళొచ్చు. ఒక్కతే. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గన్ను మంచీ చెడూ అన్నీ కలిసిపోతున్నాయి.

ఈ పని ఎప్పుడూ ఒక్కరు చేసేది కాదు, కనీసం వాళ్ళిద్దరి పద్ధతిలో కాదు. వేరే షెడ్డుల్లో ఒక్కొక్కడే చేస్తాడు, ఒక చేత్తో గన్ను, ఒక చేత్తో రుద్దే పలక, ఫిల్మును పళ్ళతో పట్టుకునే ఘనుణ్ణి కూడా చూసింది. వీళ్ళ పద్ధతి వేరు. ఫిల్ము ఆమెది, వేడి ఆయనది. ఆమె రెండు చేతులా లాగి పట్టుకుని వేడి అంటుంది, ఆయన గన్ను చూపిస్తాడు, ఆమె చాలు అంటుంది, ఆయన తీసేస్తాడు, ఈ రెండు మాటలతో వాళ్ళు స్కూలు బస్సులు చుట్టారు, అంబులెన్సులు చుట్టారు, ఒక సర్కస్ కంపెనీ లారీ మీద నిలువెత్తు ఏనుగును చుట్టి, దాని తొండం సరిగ్గా డీజిల్ మూత దగ్గర వచ్చిందని రోజంతా నవ్వుకున్నారు. ఇంట్లో ఆమె ఆయన్ని మీరు అంటుంది, పుట్టింటి అలవాటు. పనిలో నువ్వు అనేది, కాలిపోయే ఫిల్ము పక్కన అండీలకు టైమెక్కడిది, పెట్టు, తియ్యి, నిద్రపోతున్నావా ఏంటయ్యా అని నోటికొచ్చినట్టు. సాయంత్రం షెడ్డు తాళం వేసి బండెక్కగానే మళ్ళీ మీరు. షెడ్డులో నా ఉద్యోగం పోయిందే, ఇంట్లో ప్రమోషనొచ్చింది అనేవాడు ఆయన. ఇప్పుడు షెడ్డులో కూడా మీరు అంటోంది. వైరు వదలండి. కొంచెం లాగండి. మంచినీళ్ళు తాగుతారా. ఎప్పుడు మారిందో తనకే తెలీదు, ఆయనకు మాత్రం తెలుసేమో, మొదటిసారి ఆ అండీ విన్నరోజు ఆయన వైరు వదలడం మరిచిపోయి ఆమె వంక చూశాడు.

వేడి పట్టే చెయ్యి చేసే పని ఏముంది, మీట నొక్కడమేగా అంటారు తెలియనివాళ్ళు. ఆయన చూడకుండా చేసేవాడు. ముందు తన మణికట్టు మీద గాలి పట్టి చూసుకుని, తర్వాత ఫిల్ముకు చూపించేవాడు, ఒకచోట ఆపకుండా, ఉయ్యాల ఊపినట్టు. ఫిల్ముకు జ్ఞాపకం ఎక్కువ అనేవాడు. సాగదీసి గుంటలోకి నొక్కేశాం కదా అనుకుంటే రాత్రికి అది తన పాత కొలత గుర్తుతెచ్చుకుని పైకి లేస్తుంది, చివర్న ఒకసారి బాగా వేడి చూపించి అన్నీ మరిపించాలి, నీకూ అలాంటి గన్నొకటి ఉంటే బాగుండు, పెళ్ళిలో మా మామయ్య అన్న మాట ఇంకా మరిచిపోలేదు నువ్వు, అనేవాడు. ఆ మనిషి ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ మగ్గు జారవిడిచాడు. మగ్గే కదా అనుకుంది. మళ్ళీ తీసి ఇస్తే మళ్ళీ జారింది. అప్పుడు ఆయన మొహంలో ఒక పక్క నవ్వుతోంది, ఇంకో పక్క నవ్వడం లేదు.

చూద్దాం, అన్నాడు డాక్టరు. చెయ్యి మళ్ళీ వస్తుందా అని ఎప్పుడడిగినా అదే, చూద్దాం. ఏం చూస్తాడు, చూసేది తను, రోజూ, ఆయన వేళ్ళు రబ్బరు బంతిని నొక్కాలని మనిషంతా చెమటలు పట్టి, బంతి అలాగే గుండ్రంగా ఉండిపోవడం చూసేది తను. ఆడపడుచు ఫోన్ చేసి, వదినా, అన్నయ్య మళ్ళీ పనిలో పడ్డాడటగా, మంచిమాట విన్నాను అంటే, ఆఁ, పడ్డాడు అంది, వైరు పట్టుకుంటున్నాడని చెప్పడానికి నోరు రాలేదు. కూతురు అసలు సంగతి తేల్చేసింది. కాలేజీ నుంచి వచ్చి ఫోనులో వేళ్ళు ఆడించి, అమ్మా, కార్డ్‌లెస్ గన్ కొనుక్కో, దీనికి నాలుగు స్టార్లున్నాయి, చిన్నచిన్న మూలలకి బెస్టంట, రోజంతా చేసే పనికి ఎక్స్‌ట్రా బ్యాటరీలు ఉండాలంట, వైరు గోలుండదు, నాన్న కూడా హాయిగా ఇంట్లో రెస్టు తీసుకోవచ్చు, అంది. పిల్ల మాటలో కల్మషం ఏమీ లేదు, తండ్రంటే ప్రాణం దానికి. పక్కగదిలో ఆయన టీవీ చూస్తున్నాడు, టీవీ సౌండు ఉన్నట్టుండి తగ్గింది, కాసేపటికి మళ్ళీ పెరిగింది. ఆ రాత్రి అన్నం దగ్గర, తెచ్చి చూడవే, వాడి చూస్తే తెలుస్తుందిగా, అన్నాడు ఆయనే. అనకుండా ఉంటే బాగుండేది. అన్నాడు గనక తేవాల్సొచ్చింది, తెచ్చింది గనక వాడాల్సొచ్చింది, వాడింది గనక ఇప్పుడు చెప్పాలి.

"ఎలా ఉంది?" అన్నాడు కుర్చీలోంచి. మాట కొంచెం ముద్దగా వస్తుంది, అలవాటైన చెవికి తెలుస్తుంది.

"ఆఁ, పర్లేదు, చూస్తున్నా."

"బరువుందా?"

"బరువే."

"చెయ్యి లాగుతోందా?"

"కొంచెం."

"నేను చెప్పలా," అన్నాడు, చెప్పకపోయినా. వైరు చుట్టను ఒళ్ళో సర్దుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. బరువే అన్న ఒక్క మాటకే ఆ మొహం ఎంత వెలిగిందో చూసి ఆమె గభాల్న బండి వైపు తిరిగిపోయింది. ఇంతేనా, ఇంత తేలికా, బాగాలేదండీ అని ఒక్క మాట అంటే చాలు. తిరిగి ఇచ్చేస్తుంది. రేపట్నుంచి మళ్ళీ ఆయన వైరు, తన కాలికింద వైరు, ఆయన ఎంత జాగ్రత్తగా వదిలినా సగం రోజు విప్పుకోవడం, సగం రోజు అంటించడం, ఒకప్పుడు ఇద్దరూ సాయంత్రంలోపు ముగించే బండి రెండు రోజులు షెడ్డులో పడుండటం, డ్రైవర్లు తలుపు దగ్గర నిలబడి గడియారాలు చూసుకోవడం. ఎన్నాళ్ళని. కానీ ఆయన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి రావడం ఎలా ఉంటుందో కూడా తెలుసు, ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటిరోజు వేసి వచ్చింది, తిరిగి వెళ్ళేసరికి ఆయన అదే మంచం మీద అదే పక్కకు తిరిగి, లైటు కూడా వేసుకోకుండా పడుకుని ఉన్నాడు. ఏమైనా తిన్నారా అంటే, ఎందుకు, ఏం చేశానని, అన్నాడు. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి, మధ్యలో ఈ ఎర్ర వ్యాను. ఎవరినైనా అడుగుదామా అంటే ఇలాంటివి అడగడానికి ఇన్నేళ్ళూ ఉన్నది ఆ ఒక్క మనిషే, ఇది మాత్రం ఆయన్ని అడిగేది కాదు.

మిగిలింది వెనక లైటు పక్క గుంట. బండి మొత్తం మీద చెడ్డ చోటు అదే, రేకు లోపలికి వంగి, మళ్ళీ బయటికి వంగి, మూలకు వచ్చి మడుస్తుంది. ఫిల్మును రెండు చేతులా సాగదీసి, బొటనవేళ్ళతో గుంటలోకి అదిమి పట్టి, అదే క్షణాన వేడి చూపించాలి. ఒంటిచేత్తో అయ్యే పని కాదు గనక కొత్త గన్నును మీట నొక్కి బిగించి, మూతి గుంట వైపు తిప్పి, పక్కనున్న చెక్కపెట్టె మీద బ్యాటరీ ఆనేలా నిలబెట్టింది, దాని ముందు ఫిల్మును పట్టుకుంటే సరిపోతుందని పొద్దున్నే కనిపెట్టిన ఉపాయం. సరిపోయింది కూడా. ఫిల్ము మెత్తబడింది, లాగింది, ఇంకా లాగింది, గుంట అడుగుదాకా దించింది, బొటనవేలు సరిగ్గా మూలకు చేరబోతుండగా గన్ను ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టయి ఆగిపోయింది. బ్యాటరీ. రెండోది గోడ దగ్గర చార్జర్లో ఉంది. ఫిల్ము చల్లారుతోంది, చేతుల కింద బిగుస్తోంది, వదిలితే గబుక్కున పైకి లేచి తనకు తానే అతుక్కుపోతుంది, వదలకపోతే చిరుగుతుంది. రెండు చేతులూ నిండా ఉన్న ఆమె నోట్లోంచి ఆలోచన కంటే ముందు పాతమాట వచ్చేసింది.

"వేడి పెట్టవయ్యా."

అన్నాక తెలిసింది అన్నట్టు. వెనక కుర్చీ కిర్రుమంది. చార్జరును ప్లగ్గులోంచి పీకిన చప్పుడు, ఇంకోటి గుచ్చిన చప్పుడు, తర్వాత నేలమీద ఒక కాలు అడుగు, ఇంకో కాలు ఈడుపు, అడుగు, ఈడుపు. తల తిప్పి వద్దని చెప్పాలనుకుంది, తిప్పలేదు. పాత గన్ను ఆమె భుజం పక్కన బుసకొట్టింది. వేడి సరిగ్గా కావలసినచోట తగిలింది, ఒకచోట ఆగకుండా, ఉయ్యాల ఊపినట్టు, ఎడమచెయ్యే అయినా. ఫిల్ము మళ్ళీ మెత్తబడింది. ఆయన ఊపిరి చెవి పక్కన వినిపిస్తోంది, పొద్దున రాసుకున్న కొబ్బరినూనె వాసన తెలుస్తోంది, ఎన్నాళ్ళయింది ఇంత దగ్గరగా నిలబడి పని చేసి, ఎన్నాళ్ళయింది, ఇచ్చేద్దాం, తిరిగి ఇచ్చేద్దాం, గ్యారంటీ బాబాయ్, మాకు పనికిరాదు మీ గన్ను, మాకు వైరున్నదే నయం, అలవాటైన చెయ్యి అని చెబుదాం, ఆమెకు నిజంగానే సంతోషమేసింది, ఏ దాపరికమూ లేని సంతోషం. అప్పుడు ఆయన కుడికాలు మడతపడింది. ఆయన పడిపోలేదు, భుజం బండికి ఆనించి నిలదొక్కుకున్నాడు, కానీ గన్ను మూతి ఫిల్ము మీంచి జారి ఆమె మణికట్టు మీదికి వచ్చి ఆగింది. చెయ్యి తియ్యొచ్చు. తీస్తే ఆయన చూస్తాడు. తియ్యలేదు. పళ్ళు బిగించి, ఊపిరి బిగబట్టి, ఆయన నిలదొక్కుకుని గన్నును మళ్ళీ ఫిల్ము మీదికి తెచ్చుకునేదాకా అలాగే పట్టుకుంది, తెచ్చాడు కూడా, కానీ చెయ్యి ఊగక ఒకేచోట ఆగిపోయింది, ఎర్ర ఫిల్ము తళతళా మెరిసి, పలచబడి, మధ్యలో కన్నంలా తెరుచుకుంది.

"చాలు," అంది మామూలు గొంతుతో.

వెనక్కి లాగాల్సిన మీట ఎడమ బొటనవేలికి దొరకలేదు. గన్నును నేలవైపు తిప్పి, తడుముకుని, తడుముకుని, చివరికి ఆపాడు. ఆయన కన్నం వంక చూడలేదు. ఆమె పని చొక్కా చేతిని కిందికి లాక్కోబోతుంటే, గన్ను స్టూలు మీద పెట్టేసి, ఆ చొక్కా అంచును పట్టుకుని పైకి జరిపాడు. మణికట్టు మీద ఎర్రగా, అరంగుళం మేర, అప్పుడే నీరు పడుతోంది.

"చెయ్యి తియ్యలేదేం?"

"ఏం కాలేదు. కొంచెం తగిలిందంతే."

"నేనడిగింది అది కాదు."

పొద్దుట్నుంచి కూడబెట్టుకున్న రెండు జవాబుల్లో ఏదీ ఈ ప్రశ్నకు కాదు. ఆయన ఆ చేతిని వదిలేశాడు. మళ్ళీ అడుగు, ఈడుపు, గోడ దాకా వెళ్ళి, పాత గన్ను ప్లగ్గు తీసి, చార్జరు గుచ్చాడు, దాని మీద లైటు వెలిగిందో లేదో వంగి చూశాడు.

"ముందు ఆ చెయ్యి నీళ్ళ కింద పెట్టు," అన్నాడు. "గ్యారంటీ బాబాయ్‌ని ఇంకో బ్యాటరీ కూడా ఇమ్మను. రెండు చాలవు."

"ఆ గన్ను బాగాలేదు," అంది ఆమె. "బరువు. వేడి సరిగ్గా రాదు. మూతి చల్లారి చావదు. మనకి పనికొచ్చేది కాదది."

"బాగుంది," అన్నాడు ఆయన. "పొద్దుట్నుంచి చూస్తున్నాగా."

ఆమె కుళాయి దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు చేతిమీద పడుతుంటే వెనక గరగరమని చప్పుడైంది, తిరిగి చూసింది. ఆయన కుర్చీ వీపు ఎడమచేత్తో పట్టుకుని, ఒక్కొక్క అడుగూ ఈడ్చుకుంటూ, దాన్ని ప్లగ్గు పక్కనుంచి దూరంగా, వెనక గోడ దాకా జరుపుకుంటున్నాడు, ఆమె స్టూలు తిప్పుకోవడానికి చోటుండాలని.